ఆ ఎర్ర చీటీ ఎక్కడికీ వెళ్ళలేదు

ఇన్నేళ్ళుగా గొంతులో చేపముల్లులా ఇరుక్కుపోయిన మాట ఒకటుంది. మింగలేను, కక్కలేను. మా ఆయనకి చెప్పలేదు. అమ్మకి చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెబుతున్నాను. తెలిసినవాళ్ళయితే నోరు పెగిలేది కాదు. మధ్యలో నన్ను వెనకేసుకు రావద్దు. "పోనీలే, చిన్నదానివి, అప్పుడు తెలియలేదు" అని అసలే అనొద్దు. తెలుసు. అన్నీ తెలిసే చేశాను. నాకు కోపం తొందరగా వస్తుంది, నా మీద నాకు ఇంకా తొందరగా వస్తుంది. అక్కడక్కడా మాట తూలితే ఏమీ అనుకోకండి.

నేను ఫోన్లలో యాప్‌లకి తెరలు తయారు చేస్తాను. అందులోనూ నా పని ఇంకా చిన్నది. తెర మీద ఒక చీటీ వస్తుంది, పోతుంది. ఒక గుర్తు పడుతుంది, మాయమవుతుంది. ఆ రావడం ఎలా రావాలి, ఆ పోవడం ఎలా పోవాలి అన్నది చూడటమే నా ఉద్యోగం. "దీనికి కూడా జీతమిస్తారా?" అని మా అమ్మమ్మ బుగ్గలు నొక్కుకుంది. ఇస్తారు. బాగానే ఇస్తారు.

ఏదైనా ఉన్నట్టుండి ఊడిపడితే మనిషి ఉలిక్కిపడతాడు. ఉన్నట్టుండి మాయమైతే ఏమైందోనని కంగారుపడతాడు. అందుకని వచ్చేది వేగంగా వచ్చి చివర్లో నెమ్మదించాలి. పోయేది నెమ్మదిగా కదిలి చివర్లో వేగం అందుకోవాలి. అంతా రెప్పపాటులో అయిపోవాలి. మన ఇళ్ళలో ఎవరైనా గుమ్మం దిగేటప్పుడు "వెళ్ళొస్తానండీ" అంటారు కదా. అనకుండా లేచిపోతే, ఏం కోపమొచ్చిందో అనుకుంటాం. తెర మీది వస్తువు కూడా అలా చెప్పి పోవాలి. పైకి ఎగిరిపోతే పంపినట్టు. పక్కకి జారిపోతే వద్దనుకున్నట్టు. చిన్నదైపోయి ఒక మూలకి చేరితే దాచినట్టు. ఎవరూ నేర్పకపోయినా కంటికి ఇది అర్థమైపోతుంది. కన్ను నమ్మేస్తుంది. నాకు ఈ పనంటే పిచ్చి, ఇప్పటికీ పిచ్చే.

అప్పట్లో నాది మొదటి ఉద్యోగం. మచిలీపట్నంలో గిల్టు నగల షాపు పైన ఒక గదిలో చిన్న కంపెనీ. గుడివాడ నుంచి రోజూ రైల్లో వచ్చేదాన్ని. మా ఓనరుని అందరం సార్ అనేవాళ్ళం. మంచివాడే, కానీ ఎప్పుడూ తరుముకొస్తున్నట్టు ఉండేవాడు. బంటుమిల్లి దాటాక కృత్తివెన్ను వైపు ఒక ఊళ్ళో రొయ్యల రైతుల సంఘం ఉంది. వాళ్ళకి యాప్ చేసిపెట్టే పని సార్‌కి దొరికింది. ఇది కుదిరితే దివిసీమలో నాగాయలంక వైపు సంఘాలన్నీ మనకే అని ఊదరగొట్టేవాడు. ఆ ఊరి పేరు చెప్పను. ఎందుకు చెప్పనో చివర్లో మీకే అర్థమవుతుంది.

ఆ ఊళ్ళో చెరువులన్నిటికీ కాలువ ఒకటే. నీళ్ళు తోడుకునేదీ అందులోంచే, వదిలేదీ అందులోకే. కాబట్టి ఒక చెరువుకి వైరస్ తగిలితే అది ఆ ఒక్కరి గొడవ కాదు. తెల్లమచ్చలు కనపడగానే ఉన్న రొయ్య ఉన్నట్టు పట్టేసుకోవాలి, పట్టాలంటే నీళ్ళు దించాలి. ఆ నీళ్ళు కాలువలో పడ్డాక కిందివాళ్ళు మోటారు వేశారా, వాళ్ళ చెరువూ పోయినట్టే. అందుకని ఆ ఊళ్ళో ఒక కట్టుబాటు పెట్టుకున్నారు. వైరస్ వచ్చినవాళ్ళు తూము ఎత్తేముందు కాలువ మొదట్లో కర్రకి ఎర్ర గుడ్డ కట్టాలి, గట్టు గట్టుకీ వెళ్ళి నోటితో చెప్పాలి. చెప్పాక ఎవరూ వాళ్ళని ఒక్క మాట అనరు. రోగం ఎవరి చేతిలో ఉంది? కానీ చెప్పకుండా వదిలితే మాత్రం ఆ మనిషికి ఆ ఊళ్ళో నీళ్ళు పుట్టవు. దొంగతనం చేసినవాణ్ణయినా క్షమిస్తారు గానీ ఆ పని చేసినవాణ్ణి క్షమించరు.

గట్టు గట్టుకీ తిరిగే శ్రమ తప్పించడానికే యాప్. "నీళ్ళు వదులుతున్నాను" అని నొక్కితే తెర మీద ఎర్ర చీటీ వస్తుంది. కింద "పంపు" అని ఉంటుంది. అది నొక్కితే చీటీ మా ఆఫీసు కంప్యూటరు మీదుగా సంఘంలో అందరి ఫోన్లకీ పోతుంది. అంతే.

మొదట నేను నిజాయితీగానే రాశాను. ఇది గుర్తుంచుకోండి, నన్ను మంచిదాన్ని అనుకోవడానికి కాదు, ఎంత తెలిసి తప్పు చేశానో అర్థం కావడానికి. "పంపు" నొక్కాక చీటీ అక్కడే ఉండేది, దాని మీద చిన్న చక్రం తిరిగేది. కబురు నిజంగా చేరిందని అవతల నుంచి జవాబు వస్తేనే చీటీ మడత పడి పైకి ఎగిరిపోయేది, ఆకుపచ్చ టిక్కు పడేది. చేరకపోతే చీటీ తల అడ్డంగా ఊపి అక్కడే నిలబడిపోయేది. పట్టుకెళ్ళి సంఘం షెడ్డులో చూపించాం. ఆ రేకుల షెడ్డులో సిగ్నల్ ఎక్కడ ఏడ్చింది! చక్రం తిరుగుతూనే ఉంది. చీటీ తల ఊపింది. మళ్ళీ నొక్కాను. మళ్ళీ ఊపింది. సంఘం ప్రెసిడెంటు గారు వంగి చూసి, ఇది పోతుందా లేక ఇక్కడే కాపురం పెడుతుందా అన్నారు. షెడ్డంతా నవ్వింది. నా చెవులు వేడెక్కిపోయాయి. తిరిగొచ్చేటప్పుడు కారులో పెడన దాటాక సార్, పాలలా జారిపోవాలమ్మా అన్నాడు, మొరాయించకూడదు అన్నాడు.

పాలలా జారేలా చేశాను. జవాబు కోసం ఆగడం తీసేశాను. వేలు పడగానే చీటీ మడత పడుతుంది, ఎగిరిపోతుంది, టిక్కు పడుతుంది. కబురు సంగతి వెనక దాని పాటికి అది చూసుకుంటుంది. మా పనిలో ఇదేమీ కొత్త కాదు. మీరు ఎవరి ఫోటోకో లైక్ కొడితే ముందు గుండె బొమ్మ ఎర్రబడుతుంది, కబురు తర్వాత పోతుంది. పోకపోయినా ఎవరి కొంపా మునగదు. కానీ ఇక్కడ మునుగుతుందే! కబురు చేరకపోతే చీటీ తిరిగి రావాలి, వచ్చి "నేను వెళ్ళలేదు" అని చెప్పాలి. అది రాయాలని నాకు తెలుసు. తర్వాత రాద్దాంలే అనుకున్నాను. తర్వాత! రెండోసారి షెడ్డులో చూపించినప్పుడు అందరూ చప్పట్లు కొట్టారు. చప్పట్లు కొట్టించుకున్నాక మళ్ళీ ఆ తిరిగొచ్చే చీటీ పెట్టడానికి నాకు మనసొప్పలేదు. నా అందమైన తెర మీద అదొక మొటిమలా అనిపించింది. ఆ చప్పట్ల రోజు అక్కడ సిగ్నల్ ఉందా లేదా అని కూడా నేను చూసుకోలేదు.

ఇప్పుడు ఆవిడ గురించి చెప్పాలి. రత్తమ్మ గారు అంటాను, అసలు పేరు అది కాదు. భర్త బోటు మీద సముద్రానికి పోతాడు, చెరువు పనంతా ఆవిడదే. యాప్ ఎలా వాడాలో ఇంటింటికీ తిరిగి చూపిస్తున్నప్పుడు ఆవిడ గడపలో కూర్చోబెట్టి నాకు పెరుగన్నం పెట్టారు. నేను పిన్నిగారూ అని పిలిచేదాన్ని. అన్నీ విన్నాక, అయినా ఎందుకైనా మంచిది, గుడ్డ కూడా కడితే పోలా అని ఆవిడే అడిగారు. నేను నవ్వాను. టిక్కు పడిందంటే ఊరందరికీ తెలిసినట్టే పిన్నిగారూ, ఇంకా గుడ్డెందుకు అన్నాను. ఆవిడ సరేనన్నారు. నా మాట మీద సరేనన్నారు.

కొన్నాళ్ళకి ఆ టిక్కు నాకే చప్పగా అనిపించింది. పడి ఊరుకుంటోంది. దానికి చివర్లో చిన్న గెంతు పెట్టాను. పడుతుంది, కొంచెం పైకి లేస్తుంది, మళ్ళీ కుదురుకుంటుంది. ఆ ఒక్క ఎర్ర చీటీకే పెట్టాను, ఇంకెక్కడా లేదు. అది అందరి ఫోన్లలోకీ చేరింది గానీ ఎవరూ చూడలేదు, ఎందుకంటే అప్పటికి ఎవరి చెరువుకీ రోగం రాలేదు. ఈ గెంతు సంగతి మీరు మర్చిపోవద్దు.

రత్తమ్మ గారి చెరువుకి వైరస్ తగిలింది. ఆవిడ గట్టు మీద నిలబడి చీటీ పంపారు, టిక్కు చూసుకున్నారు, తూము ఎత్తారు. గట్టు మీద సిగ్నల్ లేదు, ఒకసారి చేరకపోతే మళ్ళీ పంపాలని నేను రాయలేదు. చీటీ ఎక్కడికీ వెళ్ళలేదు. కింది చెరువాయన రోజూలాగే మోటారు వేసుకున్నాడు. ఆయన కింద ఇంకొందరు వేసుకున్నారు. వారం తిరక్కుండా వాళ్ళ చెరువుల్లో రొయ్య చచ్చి గట్టు అంచులకి కొట్టుకొచ్చింది.

సంఘం షెడ్డులో కూర్చోబెట్టారు. సార్‌నీ నన్నూ కూడా పిలిపించారు. దారంతా సార్ ఒకటే మాట, కబురు మన దగ్గరికి రాలేదు కాబట్టి ఆవిడ పంపలేదు, అంతే, ఇంకేం మాట్లాడకు అని. రాలేదన్నది నిజమే. ఎందుకు రాలేదో సార్‌కి తెలియదు. జవాబు కోసం ఆగడం నేను తీసేసిన సంగతి ఆయనకి నేను చెప్పలేదు. పాలలా జారుతోంది కదా, ఆయన అడగలేదు. అంటే ఆ షెడ్డులో ఆ సంగతి తెలిసిన మనిషిని నేనొక్కదాన్నే. అంతమంది మగాళ్ళ మధ్య ఆడవాళ్ళం కూడా మేమిద్దరమే, నేనూ, ఆవిడానూ. నన్ను చూడగానే ఆవిడ మొహం తేటపడింది. తనవైపు మనిషి వచ్చిందనుకున్నారు.

"నొక్కానండీ. నా బిడ్డల మీద ఒట్టు, నొక్కాను," అన్నారు ఆవిడ. "ఎర్ర చీటీ మడత పడి పైకెళ్ళిపోయింది. పచ్చ గుర్తు పడింది. పడి, కప్పపిల్లలాగా ఇట్టా గెంతింది కూడా. నా కళ్ళతో చూశాను."

చేత్తో చూపించారు, ఎలా గెంతిందో. అందరూ నవ్వారు. టిక్కు గెంతడమేంటని ఒకడు ఎకసెక్కెం చేశాడు. నేను నవ్వలేదు. ఆ గెంతు ఆ ఊళ్ళో ఎవరూ చూడలేదు. నేను చూపించినప్పుడు అది లేదు. నొక్కినవాళ్ళకి తప్ప అది కనపడే దారి లేదు. ఆవిడ కల్పించి చెప్పడానికి వీల్లేని మాట అది. ఆ మాట విలువ తెలిసినదాన్ని నేనొక్కదాన్నే.

ప్రెసిడెంటు గారు నావైపు తిరిగారు.

"అమ్మాయ్, నువ్వు చెప్పు. చేసినదానివి నువ్వే కదా. కబురు పోకపోతే టిక్కు పడుద్దా?"

రేకుల మీద ఎండ కాగుతోంది. సార్ తన చెప్పుల వైపు చూసుకుంటున్నాడు. రత్తమ్మ గారు నావైపు చూస్తూ తల ఊపుతున్నారు, చెప్పమ్మా చెప్పు అన్నట్టు.

"పడదండి," అన్నాను.

ఒకే ఒక్క మాట. గొంతు వణకలేదు కూడా. చదువుకున్న పిల్ల స్పష్టంగా చెప్పింది, ఇంకేం కావాలి? "అయితే నొక్కలేదన్నమాటేగా," అన్నారు ఆయన. దానికి నేను అవుననలేదు. అవుననలేదు కాబట్టి సగమే అబద్ధం అని చాలాకాలం నన్ను నేను మోసం చేసుకున్నాను. ఛీ. ఎంత సిగ్గులేని లెక్క! ఆవిడ నా మొహం వంకే చూస్తూ కూర్చున్నారు. నేను తెచ్చుకున్న బ్యాగు జిప్పు తీసి, పెట్టి, తీసి, పెట్టాను.

కాలువలో ఆవిడ వంతు తీసేశారు. నీళ్ళు లేని చెరువు ఏం చేసుకుంటారు? వదిలేసుకున్నారు. అంతకంటే పెద్ద దెబ్బ వేరే తగిలింది. ఆ ఊళ్ళో ఎవరూ ఆవిడ ఇంటి గడప తొక్కలేదు. పెళ్ళిళ్ళకి పిలవలేదు. తోటివాళ్ళ చెరువుల్లో విషం పోసిన మనిషి అని పేరు పడిపోయింది. చెరువు పోతే మళ్ళీ ఇంకోటి పట్టుకోవచ్చు, మాట పోతే ఆ చుట్టుపక్కల ఎవరు నమ్మి కాలువ ఇస్తారు? భార్యాభర్తలిద్దరూ ఊరొదిలి మచిలీపట్నం వచ్చేశారని తర్వాత విన్నాను.

మర్నాడు నేనేం చేశానో తెలుసా? ఆఫీసుకి పోయి, తలుపు దగ్గరగా వేసుకుని, సరిచేశాను. చీటీ ఆగేలా, జవాబు వస్తేనే పోయేలా, చేరకపోతే తిరిగొచ్చి నిలబడేలా. ఎంత సేపు పట్టిందో చెబితే నా మీద ఉమ్మేస్తారు. కొత్త మార్పు పంపేటప్పుడు ఏం మార్చామో రెండు ముక్కలు రాయాలి. "చిన్న చిన్న మెరుగులు" అని రాశాను.

ఎందుకు చెప్పలేదు? ఈ ప్రశ్న నన్ను నేను ఎన్ని రకాలుగా అడిగానో. ఉద్యోగం పోతుందని భయమా? ఉంది, కాదనను. సార్ నోటికాడి కూడు పోతుందని జాలా? అది తర్వాత అతికించుకున్న సాకు. అసలు సంగతి వేరే. మొదటిసారి అదే షెడ్డులో వాళ్ళు నవ్వారు. నా పని చూసి నవ్వారు. రెండోసారి చప్పట్లు కొట్టారు. మళ్ళీ అదే మొహాల ముందు నిలబడి, మీరు చప్పట్లు కొట్టినదాంట్లోనే తప్పుంది, చేసింది నేను అని చెప్పడానికి నాకు అహం అడ్డొచ్చింది. నా ముద్దుల టిక్కుని నేను తప్పనలేకపోయాను, ఆవిడని అబద్ధాలకోరని అననిచ్చాను. ఇంత చిన్న కారణానికి ఒక మనిషి బతుకు నాశనం చేస్తారా ఎవరైనా? చేశాను కదా.

పైగా ఆ గెంతు చూపించే నాకు తర్వాత పెద్ద కంపెనీలో ఉద్యోగం వచ్చింది. ఇంటర్వ్యూలో దాన్ని మళ్ళీ మళ్ళీ నొక్కి చూసి ముచ్చటపడ్డారు. ఇప్పుడు గుడివాడలో మా ఇంట్లోనే కూర్చుని పని చేస్తున్నాను. కుర్రాళ్ళకి పాఠాలు కూడా చెబుతాను, తెర మీద ఏదీ చూసేవాళ్ళని మోసం చేయకూడదు అని. చెబుతుంటే నా గొంతు నాకే వెగటుగా ఉంటుంది.

ఇదంతా ఇలాగే లోపల కుళ్ళిపోయేదేమో. పోయిన నెల మచిలీపట్నంలో పనుండి వెళ్ళి, గుడివాడ బస్సు కోసం బస్టాండులో నిలబడ్డాను. సిమెంటు బల్ల మీద ఎండు చేపల గంప పక్కన పెట్టుకుని రత్తమ్మ గారు కూర్చుని ఉన్నారు. మొహం తిప్పుకున్నాను. అప్పటికే చూసేశారు.

"యాప్ అమ్మాయివి కదూ నువ్వు? ఇట్టా చిక్కిపోయావేంటమ్మా?" అంటూ పక్కన చోటు చూపించారు.

కూర్చున్నాను. తిడతారేమోనని ఆశపడ్డాను. నిజంగా ఆశపడ్డాను. తిడితే అక్కడే కాళ్ళ మీద పడిపోదామనుకున్నాను. ఆవిడ తిట్టలేదు. గంప మీది గుడ్డ సర్దుకుంటూ, ఎవరికో వంట సంగతి చెబుతున్నంత మామూలుగా చెప్పారు.

"నీ మీద నాకేం కోపం లేదమ్మా. అప్పట్లో ఉండేది. తర్వాత ఆలోచిస్తే, చదువుకున్న పిల్ల, నాకు పిన్నిగారూ పిన్నిగారూ అని తిరిగిన పిల్ల, అబద్ధం ఎందుకు చెప్తుందిలే అనిపించింది. ఆ రోజు నా చేతులు తడిగా ఉన్నాయి, కంగారులో ఉన్నాను. సరిగ్గా తగిలుండదు. గెంతిందీ గింతిందీ అని నేనే ఏదో భ్రమపడ్డాను. అంతమంది కొంపలు ముంచి, పైగా నొక్కాను నొక్కానని పోట్లాడాను. మొన్నామధ్య ఊరెళ్ళి ఆ కింది చెరువాయన కాళ్ళు పట్టుకున్నా, తప్పైపోయింది బావగారూ అని. ఆయన లేవదీశాడు. ఇప్పుడు కాస్త కంటిమీద కునుకు పడుతోంది."

నోరు తెరిచాను. దేవుడి సాక్షిగా తెరిచాను. అంతలో బస్సొచ్చింది, ఆవిడే నన్ను తొందరపెట్టి లేపారు. కాగితంలో కాసిని ఎండు నెత్తళ్ళు చుట్టి చేతిలో పెట్టారు, వద్దన్నా వినలేదు. తీసుకున్నాను. చూడండి, అది కూడా తీసుకున్నాను. బస్సు పెడన దాటేవరకూ ఏడుస్తూనే ఉన్నాను, దిగి వెనక్కి మాత్రం వెళ్ళలేదు.

చెరువు పోయిందని తెలుసు, ఊరు పోయిందని తెలుసు. అవి మోస్తూ బతకడం అలవాటు చేసుకున్నాను. కానీ తన కళ్ళతో తాను చూసినదాన్ని ఆవిడ నమ్మడం మానేశారని నాకు తెలియదు. నా మాట నిలబెట్టడానికి తన మాటనే అనుమానించుకున్నారు. నేను పట్టుకోవలసిన కాళ్ళు ఆవిడ పట్టుకుని వచ్చారు.

ఇక్కడ నా పేరు లేదు. ఆవిడ పేరు మార్చాను, ఊరి పేరు దాచాను. కాబట్టి దీనివల్ల ఆవిడకి ఒరిగేది ఏమీ లేదు, ఆ మాత్రం తెలుసు నాకు. ఆ షెడ్డుకి పోయి, అదే జనం ముందు చెప్పాలి. ముందు ఆవిడకి చెప్పాలి. చెబుతానా? ఈ క్షణం చెప్పేస్తాననే అనిపిస్తోంది, కానీ నా సంగతి నాకు తెలుసు, అప్పుడు బస్టాండులోనూ ఇలాగే అనిపించింది. క్షమించమని మిమ్మల్ని అడగను. మీరెవరు క్షమించడానికి? జీవితంలో ఒక్కసారైనా ఈ వాక్యం నా చేత్తో రాయాలి, అందుకే మిమ్మల్ని ఇంతసేపు కూర్చోబెట్టాను.

పిన్నిగారు నొక్కారు. చూసింది చూసినట్టే చెప్పారు. అబద్ధం చెప్పింది నేను.

రాసేశాను. గుండెల మీద నుంచి ఏదో కొంచెం జరిగినట్టుంది, ఊపిరి లోపలిదాకా ఆడుతోంది. కానీ నేను ఇలా ఊపిరి పీల్చుకుంటున్న ఈ పూట కూడా, మచిలీపట్నంలో ఆవిడ ఆ తప్పు తనదేననుకుంటూ గంప ఎత్తుకునే ఉంటారు.